బుడబుక్కలాయన డమరుకం వదిలి వెళ్ళిన రోజు

మా చిన్నప్పుడు... చిల్లకల్లులో ఓ ఉదయం మా అమ్మ బుడబుక్కలాయన్ని గుమ్మం ముందే నిలదీసింది.

నాన్న లారీ వేసుకుని చందర్లపాడు వైపు పత్తి లోడుకు వెళ్ళి రెండు రాత్రులైంది. మర్నాటికే రావాల్సిన మనిషి... కబురు లేదు. ఫోన్లా పాడా అప్పట్లో! ఇంట్లో ఇంకో మగమనిషి లేడు. అమ్మ పొయ్యి వెలిగించలేదు. నానమ్మ మాటిమాటికీ రోడ్డు మీదికెళ్ళి చూసొస్తోంది.

ఇప్పటి పిల్లలకు తెలియదేమో... బుడబుక్క అంటే చేత్తో ఆడించే చిన్న డమరుకం. రంగురంగుల కోట్లు వేసుకున్న బుడబుక్కలవాళ్ళు అది వాయిస్తూ తెల్లారకముందే ఇంటింటి ముందూ శుభం పలుకుతూ పాడేవారు. పొద్దెక్కాక బియ్యానికీ పాత బట్టలకీ మళ్ళీ వచ్చేవారు.

"ఇంటాయన క్షేమంగా వస్తాడని పాడావుగా... నిజమేనా? ఒట్టేసి చెప్పు!" అంది అమ్మ.

ఆయన తల దించుకున్నారు. "అన్ని ఇళ్ళ ముందూ అదే పాడతా తల్లీ. నాకేం తెలుసు?"

అమ్మ అక్కడే కూలబడింది. నానమ్మకు ఒళ్ళు మండింది. "మరి ఎందుకయ్యా మాకీ అబద్ధాలు? చందర్లపాడు వెళ్ళినవాడు రెండు రాత్రులైనా రాలేదు" అని కసిరింది.

ఆయన డమరుకం తీసి మా అరుగు మీద పెట్టారు. "చందర్లపాడు మా బావమరిది తిరిగే ఊరమ్మా. ఇది పట్టుకుని నేనక్కడ అడుగుపెడితే మావాళ్ళు ఊరుకోరు. ఇక్కడుంచండి, వెళ్ళి కనుక్కొస్తా."

ఎవరి ఊళ్ళు వాళ్ళవే... ఒకరి ఊళ్ళో ఇంకొకరు వాయించకూడదని వాళ్ళ కట్టుబాటట. బియ్యం కూడా అడక్కుండా, అటు వెళ్ళేందుకు నందిగామ బస్సెక్కేశారు.

ఆ పగలు గడవడం... అబ్బో! లారీ హారన్ వినబడితే చాలు, అందరం రోడ్డు మీదే.

పొద్దువాలే వేళకి బస్సాగింది. నాన్న దిగాడు... బుడబుక్కలాయన భుజం మీద బరువంతా వేసి. వానకి లారీ నల్లమట్టిలో దిగబడిందట. తడిసి జ్వరమొచ్చి, ఎవరో రైతు కొట్టంలో ఒంటి మీద తెలివి లేకుండా పడున్నాడట. ఇంటింటికీ తిరిగే ఆ బావమరిదికి ఆ సంగతి తెలిసి, ఈయన్ని అక్కడికి తీసుకెళ్ళాడట.

అమ్మ భోరుమంది. "అన్నయ్యా, కూర్చో" అని ఆయనకి విస్తరి వేసింది. ఆ పూట నానమ్మే దగ్గరుండి వడ్డించింది.

మొన్న జగ్గయ్యపేటలో ఓ పెళ్ళిలో ఒకబ్బాయి రంగురంగుల కోటు వేసుకొస్తే "బుడబుక్కలోడిలా ఉన్నావేంట్రా" అని అందరూ ఒకటే నవ్వు. ఊరికే వాగేవాణ్ణీ అదే మాట అంటున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చి "అది తిట్టు కాదు" అని నలుగురిలోనే గట్టిగా అనేశా.

మా నాన్నని ఇంటికి తెచ్చిన ఆ మనిషి అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదండీ... ఆయన్ని తలుచుకోవడానికి మాకున్నది బుడబుక్క అనే ఆ ఒక్క మాటే. దాన్నీ తిట్టు చేసేశారు.

మీ ఊరికొచ్చే బుడబుక్కలాయన పేరేంటో... మీకైనా తెలుసా? తెలిస్తే ఇక్కడ రాయండి.