మజీద్ కుడి పిడికిలి

బందరులో మజీద్ కలంకారీ అద్దకం పనివాడు. బల్ల మీద బట్ట పరిచి, రంగులో ముంచిన చెక్క అచ్చు దాని మీద పెట్టి, కుడి పిడికిలితో రెండేసి దెబ్బలు వేసేవాడు. ఆదివారాలు మాత్రం హిప్నాటిస్టు. వారపత్రికల సీరియళ్లలో హిప్నాటిస్టు కళ్లలోంచి మెరుపులొస్తాయి కనక ఇతనూ కాటుక పెట్టి, నల్లకోటు తొడిగేవాడు. గుడివాడలో ఒక హెడ్మాస్టరు గారి చేత ఉల్లిపాయను యాపిల్ అని తినిపించాడు. ఆయన ఇంకోటి అడిగారు. పక్కింటివాణ్ణి కనక తోడు వెళ్లి నేను కళ్లారా చూశాను. అయితే మజీద్ ఒక నియమం తప్పేవాడు కాదు. నిద్రలో చెప్పిన ప్రతి మాటా లేపేముందు వెనక్కి తీసుకునేవాడు. అది ఉల్లిపాయేనండీ అని చెప్పి మరీ ఆయన్ని లేపాడు.

డెబ్భై ఏడు ఉప్పెన వచ్చిపోయిన రెండు నెలలకు దివిసీమ నుంచి సౌభాగ్యమ్మను ఆమె తమ్ముడు విల్సన్ తీసుకొచ్చాడు. ఆ నీళ్లలో ఆమె కొడుకు ఏసుబాబు పోయాడు. ఆ రోజు మూసిన కుడి చెయ్యి మళ్లీ తెరుచుకోలేదు. ఎముక బాగానే ఉందట. గోళ్లు అరచేతిలోకి దిగి చీము పట్టింది. ఇలాగే ఉంటే చెయ్యి తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు.

మజీద్ కాటుక కళ్లు పెద్దవి చేశాడు. సౌభాగ్యమ్మ తల తిప్పుకుని, ఈయన కళ్లకేమైనా జబ్బా అని తమ్ముణ్ణి అడిగింది. మజీద్ సిగ్గుపడి కోటు విప్పేశాడు. ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ ఖాళీ అచ్చు తీసి బల్ల మీద గుద్దాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ రెండు. కాసేపటికి ఆమె రెప్పలు వాలాయి. కథల్లో రాసేదంతా కళ్ల గురించే. ఇక్కడ పనిచేసింది ఆ చప్పుడూ, అతని మెత్తని గొంతూ.

నీళ్లు తీశాయమ్మా, చెయ్యి వదులు అన్నాడు.

"వదిలితే పోతాడండీ," అంది ఆమె, కళ్లు మూసుకునే.

మజీద్ అచ్చు పక్కన పెట్టాడు. తర్వాత తన కుడి చెయ్యి ఆమె పిడికిలి కింద పెట్టాడు.

"నాకివ్వమ్మా. నేను పట్టుకుంటాను. వదలను."

ఆమె వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మజీద్ చెయ్యి మూసుకుంది.

లేపేముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అతని పెదవులు కదిలాయి. ఏమని చెబుతాడు, ఇందులో ఎవరూ లేరనా? చెప్పకుండానే లేపేశాడు.

ఆమె చెయ్యి మానింది. మజీద్ చెయ్యి తెరుచుకోలేదు. భార్య జైనాబ్ అన్నం కలిపి పెడుతూ, ఊరందరినీ నిద్రపుచ్చుతావు, నీ వేళ్లు నీ మాట వినవా అని దెప్పేది. అచ్చు పట్టడానికి ఎడమ చెయ్యి ఉంది, గుద్దడానికి కావలసింది పిడికిలే, పని మానడమెందుకని నేనూ అడిగాను.

"దీంతో గుద్దితే దెబ్బ ఎవరికి తగులుతుంది మావయ్యగారూ?" అన్నాడు.

మరుసటి నవంబరులో సౌభాగ్యమ్మ బెల్లం ఉండలు పట్టుకొచ్చింది. అరుగు మీద కూర్చుని, ఆ పిడికిలి వైపు చూస్తూ ఎంతో మామూలుగా అడిగింది.

"పడుకున్నాడాండీ?"

"ఇప్పుడే," అన్నాడు మజీద్.

ఆ తర్వాత ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చాను.