మరియమ్మ వేసిన గడియ

ప్రొడక్షన్ మేనేజర్‌గా రిటైరయ్యే ముందు ఏడాది, మార్చిలో, తక్కువ బడ్జెట్ సినిమా ఒకటి ఒప్పుకొని మార్కాపురంలో దిగాను. దుండగులు ఎత్తుకుపోయిన ఒక అమ్మాయి తప్పించుకొని, వాళ్ళ మీద పగ తీర్చుకోవడం కథ. తెర మీద కనపడేదంతా దర్శకుడి బాధ్యత. అనుమతులు, బస, భోజనాలు, మనుషుల క్షేమం మేనేజర్ చూసుకోవాలి.

తర్లుపాడు వైపు పని ఆగిపోయిన పలకల గనిలో ఆ అమ్మాయి పారిపోయే సన్నివేశం పెట్టుకున్నాం. హీరోయిన్ శిరీషకు అదే మొదటి సినిమా. పోలీసులకూ పంచాయతీకీ ముందే చెప్పి ఉంచాను. అయితే కెమెరా దూరంగా రాళ్ళగుట్ట మీద ఉంది. కింద దారిన పోయేవాళ్ళకు షూటింగ్ ఆనవాలే కనిపించదు. చేతులు కట్టేసి, ముఖానికి నెత్తురు రంగు పూసిన అమ్మాయి పరుగెత్తుతుంది, ఇద్దరు రౌడీలు వెంటపడతారు. కనిపించేది అంతే.

దర్శకుడు కట్ చెప్పింది శిరీషకు వినపడలేదు. గుట్ట దాటి డొంకదారిలోకి వెళ్ళిపోయింది. మిరప చేలో కూలి పని చేసి వస్తున్న మరియమ్మ అనే నడివయసు ఆవిడ ఆమెను చూసి, ఒక్క మాటా అడగకుండా దారి పక్కనే ఉన్న తన ఇంట్లోకి లాగి గడియ వేసింది. నేను చేరేసరికి రౌడీ వేషగాళ్ళిద్దరూ వాకిట్లో బతిమాలుతున్నారు. ఇరుగుపొరుగు కర్రలతో వస్తున్నారు.

కిటికీ దగ్గరికి వెళ్ళి, ఇది సినిమా అనీ, అనుమతి కాగితం ఉందనీ చెప్పాను.

“కాయితాలదేముందన్నా, ఎవురైనా తెస్తారు,” అంది మరియమ్మ.

ఇది సినిమానేనని లోపలి నుంచి శిరీష కూడా చెప్పింది.

“భయపడి అట్ల చెప్తన్నావేమో బిడ్డా. వాళ్ళను దూరం పోనీ. అప్పుడు చెప్దువు.”

మావాళ్ళందరినీ రోడ్డు దాకా తీసుకుపోయాను. కాసేపటికి మరియమ్మ తలుపు తీసి నన్నొక్కణ్ణే రమ్మంది. శిరీష ముఖం కడుక్కొని ఉంది. చేతుల కట్లు విప్పేసి ఉన్నాయి.

“మొగం మీది నెత్తురు నీళ్ళకు పోయింది. సినిమానే అని నమ్మినాను. ఈ చేతులేంది మరి? ఇది గూడా రంగేనా అన్నా?”

మణికట్ల చుట్టూ తోలు లేచిపోయి, పచ్చిగా ఉంది. సహజంగా కనిపించాలని దర్శకుడు ముందురోజు నుంచీ బిగించి కట్టిస్తున్నాడట. నాతో ఎందుకు చెప్పలేదని శిరీషను అడిగాను.

“బాగానే ఉందా అని పొద్దున మీరు అడిగారు సార్. అందరూ చూస్తుంటే ఏం చెప్పను?”

ఆ రోజు షూటింగ్ ఆపేశాను. ఎండ పోతుందని దర్శకుడు మండిపడ్డాడు. ఆ పిల్ల పుండ్లు మానేవరకు తాడు ముట్టుకోనివ్వనన్నాను. ఇతర సన్నివేశాలు ముందుకు జరిపి, గనిలోది చివర్న తీశాం. లోపల దూది పెట్టి, వదులుగా కట్టించాను. శిరీష కోరితే మరియమ్మ కూడా వచ్చింది. కట్టు కింద వేలు దూర్చి చూసి, “ఇంక పరిగెత్తు,” అంది.

సినిమా కొద్ది హాళ్ళలో విడుదలై, త్వరగానే వెళ్ళిపోయింది. ఆ తర్వాత చేసిన ఒకటి రెండు చిత్రాల్లో నటీనటుల క్షేమం నేను సెట్ మీద అడగలేదు. దర్శకుడి కంట పడని చోటికి ఒక్కొక్కరినే పిలిపించాను. ఆడపిల్లలైతే ఆడమనిషి చేత అడిగించాను. సెట్ మీద దర్శకుడు అడిగితే ఇబ్బందేమీ లేదన్నవాళ్ళే అక్కడ వేరే జవాబు చెప్పేవారు.