పేర్లు తీసేసిన కాయితం

నాకు అడగడం జబ్బు. నరసరావుపేటలో బస్సెక్కి పక్క సీట్లో ఎవరన్నా ఆడమనిషి కూర్చుంటే చాలు, నకరికల్లు దాటేలోపు ఆమె ఇంటిపేరు, పుట్టిల్లు, పిల్లలెంతమంది, అల్లుడేం చేస్తాడు, మోకాళ్ల నొప్పులకి ఏ డాక్టరు దగ్గర చూపించుకుంటోంది, అన్నీ నాకు తెలిసిపోతాయి. తిరిగి ఆమె నన్నడిగితే మాత్రం కిటికీలోంచి పత్తి చేలు చూస్తా. మా అమ్మ దీన్ని కలుపుగోలుతనం అనేది. మా ఆయన ఇంకో మాట అంటాడు, అది ఇక్కడ రాయను.

అట్లాంటిదాని చేతికి ప్రశ్నల ఫారం ఇచ్చారు. కోతికి కొబ్బరిచిప్ప దొరికింది. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటా, నలభై దగ్గర పడ్డాక పీహెచ్‌డీలో చేరా. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసేవాళ్లకి ఆ దుమ్ము వల్ల దగ్గు, ఆయాసం ఎంతమందికి ఉన్నాయో కనుక్కోవడం నా పని. యూనివర్సిటీ కమిటీ ముందు పెట్టిన ఫారంలో ప్రశ్నలు పద్నాలుగే. మనుషుల మీద చేసే పరిశోధన, మీకు పనికిరాని సంగతి ఒక్కటి కూడా అడగొద్దు, రాసుకోవద్దు అని వాళ్లు మరీమరీ చెప్పారు. నేను బుద్ధిమంతురాల్లాగా తలూపి వచ్చా.

ఇంటికొచ్చాక చెయ్యి ఊరుకుంటేగా. ఇంటిపేరు అడిగితే పోయేదేముంది. సొంతూరు తెలిస్తే మంచిదే గదా. ఫోన్ నంబరు లేకపోతే రేపు ఎట్లా దొరుకుతారు. పిల్లలేం చదువుతున్నారు, ఒంటి మీద దెబ్బలేమన్నా ఉన్నాయా, ఇల్లు సొంతమా అద్దెదా. ఒక్కోటీ కలుపుకుంటా పోతే పద్నాలుగు కాస్తా యాభై ఎనిమిది అయినయి. ఇవన్నీ నీకెందుకే అని నన్ను నేను ఒక్కసారి కూడా అడుక్కోలేదు. ఊరందర్నీ అడిగే నోరు, అక్కడ మాత్రం మూతపడింది.

బట్టీ మేస్త్రి పెద్దాయన, మర్యాదస్తుడు. రేకుల షెడ్డు కింద నాకో ప్లాస్టిక్ కుర్చీ వేయించి, పూటకోసారి టీ పంపించేవాడు. పని మధ్యలో ఆగినప్పుడల్లా ఒక్కొక్కరూ వచ్చి నా ముందు కూర్చునేవాళ్లు. నేను గవర్నమెంటు మనిషిని కాదమ్మా అని మొదటే చెప్పా. సరేనమ్మా అని తలూపి, బొడ్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఫోటో బయట పెట్టేవాళ్లు. కుర్చీలో కూర్చుని కాయితం పట్టుకున్న మనిషి ఎవరైనా సరే, వాళ్ల దృష్టిలో గవర్నమెంటే. అవి నేను అడగలేదు, నిజమే. కానీ వద్దమ్మా దాచుకోండి అనాల్సిన చోట, ఉంటే మంచిదేలే అనుకుని ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నా. మా చెల్లెలి కొడుకు పుట్టినరోజు కేకుకీ, నరసరావుపేటలో తిన్న బిర్యానీకీ మధ్యలో ముప్పై మంది ఆధార్ కార్డులు.

ఫారం పైన ఒక వాక్యం ఉంది: మీ వివరాలు ఎవరికీ తెలియనివ్వం, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు అని. దాన్ని రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ లాగా గడగడా చదివేసి వేలిముద్ర వేయించుకునేదాన్ని. అడగడానికి యాభై ఎనిమిది ఉంటే, ఇష్టం లేదేమో అని కనుక్కునే తీరికెక్కడిది.

మూడో బట్టీలో రాయి మోసే ఒకామె ఉంది. యాభై దాటిన మనిషి, గురజాల వైపు ఊరు. చూడగానే పిన్నీ అన్నా, ఆమె నన్ను అమ్మాయ్ అంది. ఎడమచేతి చూపుడు వేలు లేదు. ఎట్లా పోయిందో అడిగి రాసుకున్నా. పెద్ద కూతురు నర్సింగు చదువుతోంది. అదీ రాసుకున్నా. ఇంట్లో ఎవరికన్నా దగ్గుందా అన్నప్పుడు మాత్రం ఆమె వెనక్కి తిరిగింది. మేస్త్రి ఎక్కడున్నాడో చూసుకుని, కుర్చీ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పింది. మొగుడికి ఆర్నెల్లుగా దగ్గు. పది తట్టలు మోస్తే కూలబడతాడు. మిగతావి మేస్త్రి కంట పడకుండా ఈమే మోస్తోంది. ఆ బట్టీలో మొగుణ్ణీ పెళ్లాన్నీ జతగానే పనిలో పెట్టుకుంటారు, ఒకరు పడిపోతే రెండో మనిషికీ పని లేనట్టే. అందుకే ఎవురికీ చెప్పలేదు, నీకే చెప్తున్నా అంది. నేను అయ్యో పిన్నీ అన్నా. అంటూనే గుండ్రటి అక్షరాలతో రాసుకున్నా.

పది రోజుల్లో పని అయిపోయింది. ఇంట్లో కూర్చుని అందరి వివరాలూ ఒక పట్టికలోకి ఎక్కించి, పేర్లన్నీ తీసేసి నంబర్లు వేశా. పేరు తీసేస్తే ఇంక మనిషి లేనట్టే గదా. ఎంత పద్ధతిగా చేశానో అని నన్ను చూసి నేనే మురిసిపోయా.

అది అయ్యాక మేస్త్రికి చెప్పి పోదామని వెళ్లా. మా వైపు ఒకరి నీడన పది రోజులు కూర్చుని వాళ్ల టీ తాగితే, చెప్పకుండా రావడం మర్యాద కాదు. ఏం రాసుకున్నావమ్మా అని పెద్దమనిషి అడిగితే చూపించకపోవడం అంతకన్నా మర్యాద కాదు. ఆయన అడిగాడు. నేను సంచిలోంచి పట్టిక తీసి, "పేర్లు లేవులెండి, మీరు చూడొచ్చు" అని చేతిలో పెట్టా.

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఒకటో నంబరు, నలభై ఏళ్లు, మాచర్ల దగ్గర, ముగ్గురాడపిల్లలు అని చదివి, ఇది మన ట్రాక్టరు డ్రైవరు పెళ్లాం గదా అన్నాడు. రెండో నంబరు చూసి ఇంకొకరి పేరు చెప్పాడు. అన్నీ కరెక్టే. అప్పుడన్నా నేను ఆ కాయితం లాక్కోవాలా వద్దా? లాక్కోలేదు. పొడుపుకథలు విప్పుతున్నట్టు ఆయన చెప్తుంటే నాకు సరదా పుట్టింది. నవ్వుకుంటా తలూపా కూడా. నా పట్టిక ఇంత వివరంగా ఉందా అని లోపల కాస్త గర్వం.

ఇరవై నాలుగో నంబరు దగ్గర ఆయన గొంతు నెమ్మదించింది. మూడో బట్టీ. గురజాల వైపు. చూపుడు వేలు లేదు. పెద్దమ్మాయి నర్సింగు. భర్తకి ఆర్నెల్లుగా దగ్గు, సగం పని భార్యే చేస్తోంది. అక్కడిదాకా చదివి ఆపాడు. ఈసారి పేరు చెప్పలేదు. కాయితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, టీ తాగి వెళ్లండి మేడమ్ అన్నాడు. నేను తాగా. ఆ కాయితం ఇటివ్వండి అనడానికి మొహమాటం అడ్డొచ్చింది. అడక్కూడనివన్నీ అడిగినదానికి, అడగాల్సింది అడిగే నోరు లేకపోయింది.

రెండు రోజులు ఏం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నా. మూడో రోజు ఉండబట్టలేక వెళ్లా. మూడో బట్టీలో వేరే జంట రాయి మోస్తోంది. పిన్నినీ ఆమె మొగుణ్ణీ మానిపించారని, ఛాతీ బాగుందని డాక్టరు చేత రాయించుకొస్తేనే రమ్మన్నారని పక్కనున్నావిడ చెప్పింది.

బట్టీల వెనకున్న రేకుల ఇంటికి పోతే పిన్ని గిన్నెలు తోముతోంది. మంచం మీద కూర్చున్న ఆమె మొగుడు నన్ను చూసి, కూర్చోమ్మా అని పక్కకి జరిగాడు. తప్పయిపోయింది పిన్నీ అన్నా. అక్కడితో ఆగినా బాగుండేది. నేను నీ పేరు ఎక్కడా రాయలేదు అని కూడా అన్నా, సిగ్గులేకుండా. ఆమె తిట్టలేదు. తిడితే కాస్త తేలికపడేదాన్ని. చేతిలో గిన్నె పక్కన పెట్టి అడిగింది.

"దగ్గుకీ నా వేలుకీ ఏంది అమ్మాయ్ సంబంధం?"

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు, వివరాలు పూర్తిగా ఉండాలి గదా పిన్నీ అని ఏదో గొణిగా. నా కూతురి చదువుకి? అంది. బాబాయిని నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా అన్నా. నువ్వు మా వెంట రాబాక, పోతే మేమే పోతాం అంది. కోపంగా కూడా అనలేదు.

అక్కణ్ణించి షెడ్డు దాకా నడిచేలోపే అబద్ధం తయారైంది. నా కాయితమంతా తప్పులేనండీ అన్నా మేస్త్రితో. వరసలు కలిసిపోయినయి, ఆ దగ్గు సంగతి వేరే బట్టీ వాళ్లది, ఇరవై నాలుగులో పడింది అన్నా. ఇంత చదువుకుని ఇట్లా కలిపేస్తారా మేడమ్ అన్నాడు. నేనంతేనండీ అన్నా. ఆయన నమ్మలేదు. జేబులోంచి కాయితం తీసి నా ముందు పరిచాడు. ఒక్క తప్పన్నా కనపడాలి దేవుడా అని నా పట్టికంతా నేనే వెతికా. పదకొండో నంబరు దగ్గర దొరికింది. వయసు ఇరవై ఎనిమిది, బట్టీలో పని ముప్పై ఏళ్లుగా. ఒట్టు, అది నేను కావాలని రాసింది కాదు. నిజంగానే చేసిన తప్పు. మేస్త్రి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. ఇద్దర్ని పిలిచి చదివి వినిపించాడు. తల్లి కడుపులో ఉండగానే తట్ట ఎత్తిందంటయ్యా అన్నాడు. వాళ్లతోపాటు నేనూ నవ్వా. దీన్నా నేను నమ్మింది, డాక్టరు చీటీ అక్కర్లేదు, వాళ్లని రమ్మనండి అని కాయితం నాకిచ్చేశాడు. మర్నాటి నుంచి ఆ ఇద్దరూ పన్లోకి వచ్చారు.

నా పరువు పోతే పోయింది, అదేమంత పెద్ద ఆస్తి కాదు. కానీ ఆ పట్టిక మొత్తంలో నేను తెలుసుకోవాలని పోయిన సంగతి ఆ దగ్గొక్కటే. ఆ మనిషికి దగ్గు లేదని నా నోటితో చెప్పి, మళ్లీ ఆ దుమ్ములోకే పంపించా.

మా గైడు మేడమ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పా. ఆమె అరవలేదు. ముందు కమిటీకి ఉత్తరం రాయించింది. ఫారాలు చింపించి, ఫోన్లో కార్డుల ఫోటోలు తన ఎదురుగానే చెరిపించింది. తర్వాత యాభై ఎనిమిది ప్రశ్నల కాయితం నా ముందు పెట్టి, ఒక్కోదాని పక్కనా ఎందుకో రాయమంది. ఇంటిపేరు పక్కన పెన్ను పెట్టి పావుగంట కూర్చున్నా. తెలుసుకుందామని, అని రాశా. కొట్టేసింది. అట్లా కొట్టేసుకుంటా పోతే ఏడు మిగిలినయి. పేరు లేదు, ఊరు లేదు, ఏ బట్టీయో లేదు, వేలిముద్ర లేదు. వయసు కూడా ముప్పైలోనా నలభైలోనా అంతే. ఒక్కరోజులో అయిపోయే పని. పది రోజులు టీలు ఎందుకు తాగానో.

మళ్లీ పర్మిషన్ కోసం పోతే మేస్త్రి వెంటనే ఒప్పుకున్నాడు. ఆమె రాసేదేదీ నిజం కాదులే, రాసుకోనీండి అని నా ముందే అందరికీ చెప్పాడు. థాంక్సండీ అన్నా. ఈసారి కుర్చీ షెడ్డు వెనక్కి, ఆయనకి కనపడని చోటికి జరుపుకున్నా. ఫారం పైనున్న వాక్యం నిదానంగా చదివా. చెప్పకపోయినా మీకేం కాదు అని రెండుసార్లు చెప్పి, వాళ్లు ఊ అన్నాకే మొదలుపెట్టా.

పిన్ని అందరికన్నా ఆఖర్న వచ్చింది. వస్తుందనుకోలేదు. ఫారం తిప్పి చూపించి, పేరు రాసే చోటే లేదు చూడు అన్నా. చూసింది. మీకు గానీ ఇంట్లో ఎవరికన్నా గానీ దగ్గుందా అని అడిగా.

బట్టీ వైపు ఎవరో తట్ట కింద పెట్టిన చప్పుడు, ఆ వెంటే దగ్గు. ఆగి ఆగి, చానా సేపు. అది ఎవరి దగ్గో మా ఇద్దరికీ తెలుసు. ఆమె అటు తల తిప్పలేదు.

"లేదు" అంది.

పెన్ను పట్టుకుని ఆమె మొహంలోకి చూశా.

"లేదని రాయి అమ్మాయ్."

రాశా.