చాయ్ రంగు నీళ్లు

చేపలను నీళ్లలో వేసి చంపిన మొనగాడిని మీరెక్కడైనా చూశారా? ఇదిగో, నేనే. ఎలా చంపానో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

చొప్పదండి నుంచి వెళ్లి, ఆదిలాబాద్ వైపు ఒక కాగితపు మిల్లులో కెమిస్టుగా చేరాను. మిల్లు వదిలే మురికినీటిని శుద్ధిచేసి వాగులోకి పంపడం నా పని. చేరి మూడు నెలలే అయినా, గోదావరిని సైతం ఉతికి ఆరేయగలనన్నంత ధీమా.

అంతకుముందు ఆ వాగు నిండా నురగే. బర్రెలు మూతి పెట్టేవి కావు. మిల్లు కొత్త ట్యాంకులు కట్టాక, రైతులు తామే వచ్చి చూస్తామన్నారు. నచ్చకపోతే గేటు ముందు కూర్చుంటారు.

"గాజుతొట్టిలో చేపపిల్లలను వేసి చూపిద్దాం సార్, ఫికర్ చెయ్యకుండ్రి!" అని మేనేజరుకు మాటిచ్చాను.

తీరా చూస్తే, శుద్ధిచేసిన నీళ్లు పలచటి చాయ్ రంగులో ఉన్నాయి. కర్ర నుంచి దిగిన రంగు ఓ పట్టాన పోదు. ఆపాటి రంగుకు చేపలు చావవని పరీక్షచేసి రాసింది కూడా నేనే. అయినా చూసేవాళ్లకు బాగుండొద్దూ? తొట్టి నిండా కుళాయి నీళ్లు పట్టాను. మరింత మెరవాలని చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కూడా కలిపాను. కెమిస్ట్రీలో నాది ఫస్ట్ క్లాసు, మనవి.

రైతులు వచ్చాక అయిదు చేపపిల్లలను వదిలాను. వాళ్లకు పెద్దదిక్కు రాజవ్వ తొంగిచూసింది.

"అబ్బ! అద్దం లెక్క ఉన్నయి బిడ్డా!"

"మా పనితనం అవ్వా!" అని కాలర్ సవరించుకున్నాను.

అంతలో ఒక చేప వెల్లకిలా తిరిగింది. తర్వాత ఇంకొకటి. ఆపైన మూడోది.

"గవి పండుకున్నయా?"

"అది... ఒక రకం ఈత అవ్వా."

"ఈత గాదు, సచ్చినయి! గీ నీళ్లేనా మా వాగుల పోసేది?"

అందరూ ఒక్కసారిగా లేచారు. మేనేజరు మొహం తెల్లకాగితమైంది.

"ఇవి మిల్లు నీళ్లు కావు!" అని అరిచాను.

"మరి యాడియి?"

"మేము... తాగే నీళ్లు."

రాజవ్వ ముందుకొచ్చింది. ఇంకా కొట్టుకుంటున్న రెండు చేపలను చెంబులోకి తీసుకుని, నేరుగా చివరి ట్యాంకు దగ్గరికి నడిచి, ఆ చాయ్ రంగు నీళ్లలో వదిలింది. అందరం వంగి చూస్తున్నాం. కాసేపు తేలాయి. నా ఉద్యోగమూ వాటితోపాటే తేలుతోంది. ఉన్నట్టుండి తోకలు ఆడించి, బుడుంగున లోపలికి పోయాయి.

"నీళ్లు మంచిగనే ఉన్నయి. నువ్వే మంచిగ లేవు," అంది రాజవ్వ. "నెలనెలా వచ్చి చూస్తం."

గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. నా భుజం మీద చెయ్యేసి, నిజంగానే జాలిపడుతూ అంది:

"జర పైలం బిడ్డా. గా కుళాయి నీళ్లు తాగకు. దూపయితే మిల్లు నీళ్లే తాగు."

చనిపోయిన ఆ మూడు చేపల సాక్షిగా, చెయ్యి చాచి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక ఏ నీళ్లనూ, ఉన్నదానికంటే బాగా చూపించను.