ఐసీయూ తలుపు బయట చేసిన ప్రార్థన

మా ఆయన వరికోత మిషన్ డ్రైవరు. కొడవలూరు చుట్టుపక్కల పొలాలు కోతకొచ్చాయంటే ఇంట్లో నిలిచేవాడు కాదు. నేను మా ఊళ్లోనే అంగన్‌వాడీ టీచర్ని. ఆదివారం మా చిన్న చర్చిలో ఆయన డోలక్ వాయిస్తాడు. నేను ఆడవాళ్ల వరసలో కూర్చుని తాళం తప్పుతూ పాడతాను. ఏడేళ్ల పాప, మా అత్త, మేమిద్దరం. రాసుకోదగ్గ జీవితం అని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ ఏడు కోతల మధ్యలో ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజుల్లో తగ్గాయి. మరో వారానికి, ఒక పొద్దున చెప్పులు వేసుకోబోతూ, "పాదాలు తిమ్మిరెక్కినట్టుండాయి. కింద నేల తెలవడంలా" అన్నాడు. గంటల తరబడి మిషన్ మీద కూర్చోవడం వల్లేమో అనుకున్నాం. మధ్యాహ్నానికి ఇద్దరు మనుషులు ఆయన్ని చెరో పక్క పట్టుకుని ఇంటికి తెచ్చారు. మిషన్ ఎక్కుతుంటే కాలు మడతపడి పోయిందట. మర్నాడు మంచినీళ్ల గ్లాసు చేతిలోంచి జారిపోయింది. అంతవరకూ నవ్వుతూనే ఉన్నవాడు కిందపడ్డ గ్లాసు వైపు చూసి, నవ్వడం మానేశాడు. పాపను మా అమ్మ దగ్గర వదిలి, ఆటోలో నెల్లూరు తీసుకుపోయాం.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది. కాళ్లు ఉలకలేదు. "ఇది నరాల జబ్బమ్మా. రోగాన్ని ఎదిరించాల్సిన శక్తే పొరపాటున సొంత నరాల మీద పడుతుంది. కింద నుంచి పైకి పాకుతుంది. చాలామంది తిరిగి లేస్తారు. కానీ ఊపిరి కండరాలదాకా వస్తే కష్టం. ఎక్కడ ఆగుతుందో ఎవరం చెప్పలేం" అంది.

తర్వాత ఆయన్ని గట్టిగా గాలి పీల్చుకోమని, ఆ ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో పెట్టమంది. ఆయన ఇరవై ఆరుదాకా వచ్చాడు. రెండు గంటలకు నర్సు వచ్చి మళ్లీ పెట్టించింది. ఇరవై రెండు. సాయంత్రానికి పదిహేడు. మంచం పక్కన నిలబడి నేనూ ఊపిరి బిగబట్టి ఆయనతోపాటు పెదవులు కదిపేదాన్ని. అంగన్‌వాడీలో పిల్లలకు నేను రోజూ నేర్పే అంకెలవి. అంత భయపెట్టే అంకెలు నేనెప్పుడూ వినలేదు. పద్నాలుగు. పన్నెండు. మర్నాడు పొద్దున ఎనిమిది అని ఆగి, ఆయన నా వైపు చూశాడు. తర్వాతి అంకె మర్చిపోయినవాడిలా చూశాడు. డాక్టరమ్మ వెంటనే స్ట్రెచర్ తెప్పించి ఐసీయూలోకి పంపింది. తలుపు మూసేముందు ఆయన ఏదో చెప్పబోయాడు. నాకు వినపడలేదు.

ఆ తలుపు బయట వరండాలో నేనూ మా అత్తా చాప వేసుకున్నాం. లోపలికి పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, ఒక్కరినే పంపేవారు. నోట్లో గొట్టం, మెడ దగ్గర వైర్లు. ఒళ్లంతా చచ్చుబడిపోయింది, రెప్పలు తప్ప. మెదడుకేమీ కాలేదని, అన్నీ తెలుస్తాయని, వింటాడని చెప్పారు. అది నాకు ఊరటా అయింది, నరకమూ అయింది. ఒకసారి రెప్ప వేస్తే అవునని, రెండుసార్లు వేస్తే కాదని గుర్తు పెట్టుకున్నాం. "నొప్పిగా ఉండాదా?" ఒకసారి. "భయమేస్తుండాదా?" చాలాసేపటికి, ఒకసారి.

మూడో రోజున చర్చి నుంచి పాస్టరయ్యగారు, సంఘపెద్ద ఒకాయన వచ్చారు. అయ్యగారు ప్రార్థన చేసి, నా తల మీద చెయ్యిపెట్టి వెళ్లిపోయారు. సంఘపెద్ద మాత్రం వెనక ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమ్మా, మీ ఇద్దరి జీవితంలో ఒప్పుకోని పాపం ఏదైనా ఉండాదేమో, బాగా ఆలోచించుకోండి. విశ్వాసం గట్టిగా ఉంటే దేవుడు ఇంతదూరం రానియ్యడు."

ఆయన చెడ్డవాడు కాదు. మా పెళ్లికి పందిరి వేయించినవాడు. నేను తలూపాను. కానీ ఆ మాట నాలోకి దిగి అక్కడే కూర్చుంది. రాత్రనకా పగలనకా పాత తప్పులన్నీ తవ్వుకున్నాను. అత్తతో పడ్డ పోట్లాటలు, మొక్కుబడిగా చేసిన ప్రార్థనలు, ఆదివారం ఎగ్గొట్టి కోతలకు పోతుంటే ఆయన్ని ఆపకపోవడం. ఏది చూసినా ఇదేనేమో అనిపించేది. తర్వాత దేవుడి వైపు తిరగాలంటేనే భయం పట్టుకుంది. కళ్లు మూసుకుంటే నోట్లోంచి మాట రాదు. వారం రోజులు ప్రార్థన చేయలేదు. ఎవరితోనూ చెప్పలేదు.

మా అత్త మాత్రం రోజూ తెల్లారగానే చాప మీద కూర్చుని సన్నగా పాడేది. స్తుతి పాటలే. ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"నీ కొడుకు లోపల అట్టా పడుంటే పాట ఎట్టా వస్తుందత్తా నీకు?" అన్నాను.

ఆమె పాట ఆపింది. కోప్పడుతుందనుకున్నాను. "సంతోషంగా ఉండానని పాడతా ఉండాననుకున్నావా? ఆపితే నాకు వాడి గొట్టమే కనబడతాదే. దేవుడు మంచోడని నా చెవులకు నేను చెప్పుకుంటుండా" అంది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ అందుకుంది. సెక్యూరిటీ అతను వచ్చి గొంతు తగ్గించమన్నాడు. తగ్గించి పాడింది.

మా చాప పక్కనే మైపాడు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. వాళ్లది చేపల వేట. ఆమె తమ్ముడు పడవను ఒడ్డుకు లాగేటప్పుడు అల కొట్టి, తల పడవ అంచుకు తగిలి పడ్డాడు. అప్పటినుంచి తెలివి లేకుండా అతనూ లోపలే ఉన్నాడు. ఆమె నాకంటే పదేళ్లు పెద్దది. నేను అక్కా అనేదాన్ని. వాళ్ల ఊరి గంగమ్మ కుంకుమ పొట్లం కొంగున ముడేసుకుని, మా అత్త పాడుతుంటే వింటూ కూర్చునేది. ఇంటి నుంచి అన్నం వస్తే మాకూ పెట్టేది.

పదకొండో రోజు పొద్దున ఆమె నా పక్కకు జరిగి, "అమ్మాయ్, మీ దేవుడికి మావోడి గురించి గూడా ఒక మాట చెప్పవా?" అంది.

"నాకు నోరు రావడంలేదక్కా" అన్నాను. అంతవరకూ దాచుకున్న మాట ఆమె దగ్గరే ఎందుకు బయటపడిందో తెలియదు. "మా ఆయన గురించే అడగలేకపోతుండా."

ఆమె కొంగున కుంకుమ ముడి సవరించుకుంది. "నీ మొగుడి గురించి రాకపోతే మానెయ్. మావోడి గురించి చెప్పు" అంది, మామూలుగా, ఉప్పు అడిగినట్టు.

కాదనలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఇతనికి మెలకువ రానీ ప్రభువా, అక్క భయాన్ని చూడు అని మొదలుపెట్టాను. అతను నాకు తెలియదు, అతని తప్పులూ తెలియవు. అందుకేనేమో ఏ అడ్డూ లేకుండా మాటలు వచ్చాయి. మధ్యలో ఎక్కడో మా ఆయన పేరు కూడా కలిసిపోయింది. కళ్లు తెరిచేసరికి మా అత్త ఇటువైపు చూస్తోంది.

రెండు రోజుల తర్వాత మా ఆయనకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అన్నారు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "మందు మార్చాం. ఈ రెండు మూడు రోజులూ గట్టివి. మీ వాళ్లు ఎవరైనా రావాల్సినవాళ్లుంటే రమ్మనండి" అంది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. సాయంత్రం పది నిమిషాలకు అత్త నన్నే పొమ్మంది.

మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నన్ను చూసి రెప్పలు అదేపనిగా ఆడించాడు. అవునూ కాదు, కాదూ కాదు. ఏదో చెప్పాలని. అప్పుడు నాకు అంగన్‌వాడీ పిల్లలకు చెప్పే అక్షరాలు గుర్తొచ్చాయి. "క దగ్గర్నుంచి చెప్తా, నీక్కావాల్సింది వస్తే రెప్ప వెయ్" అన్నాను. క వరస పోయింది, చ వరస పోయింది. ప దగ్గర రెప్ప వేశాడు. గుణింతం చెప్పాను. పా. మళ్లీ మొదటినుంచి. డ దగ్గర ఆగాడు. నీళ్లడగలేదు, నొప్పి అనలేదు, పాపనూ అడగలేదు.

"పాడమంటుండావా? నన్నా?"

ఒకసారి రెప్ప వేశాడు.

నా మూతికి మాస్కు, పక్కన మిషన్ల చప్పుడు. వంగి ఆయన చెవి దగ్గర పాడాను. ఎప్పటిలాగే తాళం తప్పింది. రెండో చరణం మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టాను. ఆయన కంటి చివరినుంచి నీళ్లు చెవిలోకి జారుతుంటే తుడుస్తూ పాడాను. బతుకుతాడన్న ధైర్యమేమీ రాలేదు. కానీ ఆ కాసేపు నేను ఎవరికీ జవాబు చెప్పుకునేదాన్ని కాను, మా తప్పుల చిట్టా నా చేతిలో లేదు. మా ఇద్దరికీ తెలిసిన ప్రభువు ఆ మంచం దగ్గరే ఉన్నాడనిపించింది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, నాకు సంతోషం కలిగింది. నర్సు వచ్చి, "టైమైందమ్మా" అని, నా మొహం చూసి ఇంకో రెండు నిమిషాలు ఇచ్చింది.

జ్వరం నాలుగో రోజుకు దిగింది. అదే రోజు పొద్దున అక్క తమ్ముడు చనిపోయాడు.

నేను పేరు పెట్టి ప్రార్థన చేసినవాడు పోయాడు. ఎవరి గురించి నాకు నోరు రాలేదో ఆయన మిగిలాడు. ఆమెకు ఎదురుపడలేక చాప మీదే కూర్చున్నాను. వాళ్ల వాళ్లు అంబులెన్సు మాట్లాడుతుంటే ఆమే నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తన చాప చుట్టి మా అత్త పక్కన పెట్టి, "మీరింకా ఉండాలి గదా, కింద చలి" అంది. నా చెంప తాకి వెళ్లిపోయింది.

ఒకరు పోయి ఒకరు ఎందుకు మిగిలారో నాకు ఈరోజుకీ తెలియదు. సంఘపెద్దకూ తెలియదని మాత్రం అర్థమైంది.

ఇరవై ఏడో రోజు, "వీపు కింద దిండు సర్దనా?" అని అడిగితే ఆయన భుజం ఎగరేశాడు. పెళ్లయినప్పటినుంచి ఏది అడిగినా అలా భుజం ఎగరేసి ఊరుకునేవాడు, నాకు చిర్రెత్తుకొచ్చేది. ఆ రోజు మాత్రం నర్సు పరిగెత్తుకొచ్చేంతగా అరిచాను. గొట్టం తీయడానికి ఇంకో రెండు వారాలు, కూర్చోవడానికి నెల, వాకర్ పట్టుకుని నిలబడడానికి మరో మూడు నెలలు పట్టింది.

కోతపండుగకు చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని సంఘపెద్దే వచ్చి పిలిచాడు. మా ఆయన కుర్చీలోనే కూర్చుని మైకు అందుకున్నాడు. "అందరూ నా విశ్వాసం గొప్పదంటుండారు. లోపల నేను రోజూ భయపడినాను. కొన్ని రోజులు దేవుడి మీద కోపం గూడా వచ్చింది. ఆయన మాత్రం నన్ను వదల్లేదు. నాకు తెలిసింది అంతే" అన్నాడు. అందరూ ఇంకా ఏదో చెబుతాడని చూశారు. ఆయన మైకు ఇచ్చేశాడు. తర్వాత సంఘపెద్ద నా దగ్గరికి వచ్చి, "ఆ రోజు నేనట్టా అనకుండా ఉండాల్సింది తల్లీ" అన్నాడు. పర్లేదని అనలేదు నేను, ఆయన చేతులు పట్టుకున్నాను.

ఇప్పుడాయన మిషన్ ఎక్కడం లేదు. కుడి పాదం ఇంకా ఈడుస్తాడు. నెల్లూరులో ట్రాక్టర్ విడిభాగాల షాపులో కూర్చుని చేసే పని దొరికింది.

మొన్న వేసవిలో ఇద్దరం బస్సెక్కి మైపాడు పోయాం. అక్క ఇంటిముందు వల బాగుచేస్తోంది. మా ఆయన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఇసకలో కాలు ఈడ్చుకుంటూ వస్తున్నవాడిని చూసి లేచి నిలబడింది. ఆయన నమస్కారం పెట్టాడు. "నీ తమ్ముడి గురించి చెప్పక్కా, నాకు తెలీదు గదా" అన్నాడు.

ఆమె మమ్మల్ని నీడలో కూర్చోబెట్టింది. తమ్ముడు చిన్నప్పుడు ఎంత అల్లరివాడో, సముద్రమంటే ఎంత ఇష్టమో, ఎవరి పడవ ఆలస్యమైనా ఒడ్డున నిలబడి ఎలా ఎదురుచూసేవాడో చెప్తూ పోయింది. ఒకచోట నవ్వింది, ఒకచోట ఆగిపోయింది. మేము ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. అన్నం తిని, తర్వాతి బస్సుకు బయల్దేరాం.