ఓవల్ కడియాల దిమ్మ

2018 వేసవి. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో నా లేత్ షాపు. ఇనుప ముక్కను గిరగిరా తిప్పుతూ పదునైన టూల్‌తో చెక్కే మిషనే లేత్. దాని మీద ఏ ముక్క పెట్టినా గుండ్రంగానే తయారవుతుంది. ఆ మాటే బ్రహ్మయ్య ఆచారికీ చెప్పాను.

ఆయన కడియాలు చేస్తాడు. కడియాన్ని ఇనుప దిమ్మకు తొడిగి, తట్టి ఆకారం తెస్తారు. ఓవల్ కడియాలకు గిరాకీ పెరిగింది. ఈయన దిమ్మ ఆకురాయితో చేత్తో అరగదీసింది. ఏ రెండు కడియాలూ ఒకలా రావడం లేదు.

"ఆరు జతలు ఒకే అచ్చుగా రాకపోతే బంగారంగడి శెట్టి బయట మిషను సరుకు తెప్పించుకుంటాడంట మస్తానూ. ముప్పై ఏండ్లుగా ఆయప్ప పనే చేస్తాండా. ఇంగ యాడికి పోవాల?"

"లేత్ మీద కోడిగుడ్డు తిరుగుతాదా మామా?"

"నీకు చేతగాదని చెప్పు, పోతా."

నాకు చురుక్కుమంది. పులివెందుల పాత ఇనుము అంగడిలో మందపాటి ఉక్కు రింగు వెతికి తెచ్చాను. దాన్ని లేత్ తలకు కదలకుండా బిగించాను, తిరిగే ఇరుసుకు అయిదు మిల్లీమీటర్లు పక్కకు జరిపి మరీ. ముక్కను పట్టుకునే చక్‌ను అటూ ఇటూ జారే స్లైడ్ మీద కూర్చోబెట్టాను. స్లైడ్ రెండు దవడలూ రింగును కరుచుకుని ఉంటాయి. రింగు పక్కకుంది కాబట్టి ముక్క తిరుగుతూనే అటూ ఇటూ జరుగుతుంది, టూల్ ఉన్నచోటే ఉండి ఓవల్ చెక్కుతుంది.

చిన్నా పెద్దా సైజులకు రెండు మెట్లున్న దిమ్మ తీశాను. మీసం మెలేసి ఆచారి చేతిలో పెట్టాను. ఆయన ఒక కన్ను మూసి కొస నుంచి చూశాడు.

"శానా బాగుండాది. కానీ రెండు మెట్లూ అలిగి చెరో పక్కకు మొగం తిప్పుకున్యాయి కదప్పా."

నిజమే. నా తల కొట్టేసినట్టయింది. గుండ్రటి పనిలో టూల్ మొన వెంట్రుకవాసి కిందికున్నా పెద్ద తేడా రాదు. ఓవల్‌లో మొన ఎత్తు మారితే ఆకారమే ఒరుగుతుంది. నేనేమో రెండో మెట్టుకు టూల్ మార్చి, ఎత్తును కంటితోనే సరిచూసుకున్నాను, తప్పు అక్కడే జరిగింది.

పని నేర్చుకునేటప్పుడు మేస్త్రి ఒక పద్ధతి చేయించేవాడు. గుండ్రటి కడ్డీకీ టూల్ మొనకూ మధ్య పల్చటి స్టీలు స్కేలు నొక్కిపెట్టాలి. స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరి, ఒరిగితే తప్పు. పేరొచ్చాక ఆ పని మానేశాను. ఈసారి కొత్త దిమ్మ తీస్తూ, టూల్ మార్చినప్పుడల్లా స్కేలు పెట్టాను.

ఆ దిమ్మ మీద ఆచారి చేసిన పన్నెండు కడియాలనూ శెట్టి ఒకదానిపై ఒకటి పేర్చి, పక్కల వెంట వేలితో నిమిరాడు. ఎక్కడా అంచు తగల్లేదు.

"ఏ ఊరి మిషనుది ఆచారీ ఇది?"

"మన ఎనక సందుదే!" అంటూ ఆచారి నా భుజం మీద ఒక్కటిచ్చాడు. చెయ్యి సుత్తి పట్టినదే కదా, రెండు రోజులు నొప్పి పోలేదు.

ఆ నొప్పి కూడా నాకు సంబరంగానే ఉండింది. ఇప్పుడు జమ్మలమడుగు ఆచారులూ దిమ్మల కోసం నా దగ్గరికే వస్తారు. నేను నేర్చుకున్నది మాత్రం ఒకటే. తెలిసిన పనిలో కన్ను మనల్ని కాపాడుతుంది, కొత్త పనిలో అదే కన్ను మోసం చేస్తుంది. అక్కడ ఎంతటి మేస్త్రి అయినా కొలిచి తీరాల్సిందే.