ఏటి అవతలి ఎర్ర డేగ

“అమ్మా, ఎదురుగా ఉన్న మొసళ్ల హెచ్చరిక బోర్డే నీకు కనబడలేదు. ఏటి అవతల డేగ కాళ్లు పసుపు రంగని ఎలా చెప్తున్నావు?”

“చూశాను కాబట్టి చెప్తున్నా. కనబడకపోతే కనబడలేదనే అంటానురా. నాకెవరి భయం?”

“నాకుంది భయం. వచ్చే నెల నుంచి బుడ్డోణ్ని నీ దగ్గర వదిలి మేమిద్దరం ఆఫీసుకి పోవాలి. లేనివి కనబడుతుంటే ఎలా వదలను? చైల్డ్‌కేర్‌లో వేసేద్దాం.”

“నేనింట్లో ఉండగా పిల్లాణ్ని పరాయివాళ్ల చేతిలో పెడతావా?”

ఆ సాయంత్రం మా అబ్బాయి సుధీర్‌కీ నాకూ జరిగిన గొడవ ఇది. బుడ్డోడంటే వాడి కొడుకు, నా మనవడు.

దెయ్యాలనీ మాయలనీ నమ్మే మనిషిని కాను నేను. చీకటి పడితే చింతచెట్టు వైపు వెళ్లొద్దని మా అత్తగారు కోడళ్లందర్నీ బెదిరించేది. నేను ఆ వేళకే వెళ్లి రాలిన కాయలు ఏరుకొచ్చి పచ్చడి పెట్టేదాన్ని. చదివింది ఐదో తరగతే అయినా, కంటితో చూసిందే నమ్మాలని నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు చిక్కంతా ఆ కంటితోనే వచ్చింది.

మేముండేది మెల్‌బోర్న్‌లో, ట్రుగనీనాలో. క్రిస్మస్ సెలవులకు సుధీర్ మా అందర్నీ దేశానికి ఉత్తరాన డార్విన్ ఊరు దాటి అడవుల్లోకి తీసుకెళ్లాడు. అక్కడ అది వేసవీ, వానాకాలమూ కూడా. ఉదయమంతా ఉక్క, మధ్యాహ్నం కుండపోత. ఈ ప్రయాణం మా మనవరాలు మేఘన కోసం. పదిహేనేళ్ల పిల్ల, డేగల పిచ్చి. గద్ద కనబడితే ముందు తోక చూస్తుంది. చీలి ఉంటే నల్ల గద్ద, గుండ్రంగా ఉంటే ఈల గద్ద అంటుంది. తెల్ల తల, ఇటుక రంగు రెక్కలు ఉన్నదాన్ని చూపించి దాని గురించి చెబితే, మన గరుడ పక్షి ఇక్కడా ఉందా అని లెంపలు వేసుకుని దండం పెట్టాను. నాకు కనబడింది మాత్రం ఆకాశంలో ఒక మరక.

నా రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఇక్కడ ఖర్చెందుకు, ఇండియా వెళ్లినప్పుడు ఆపరేషన్ చేయించుకుంటానని నేనే ఆపాను. ఇండియా ప్రయాణం ఏటేటా వెనక్కి పోతూనే ఉంది.

మేఘన వెతుకుతున్నది ఎర్ర డేగ. ఈ దేశంలోనే అరుదట. ఆ మధ్యాహ్నం వాన వెలిశాక తండ్రీ కూతురూ దానికోసం కారులో వెళ్లారు. కోడలు లోపల బుడ్డోణ్ని పడుకోబెడుతోంది. నేను మా బస వరండాలో కూర్చుని బీన్స్‌కి ఈనెలు తీస్తున్నాను. వేళ్లతో తడిమి తీసే పనే, చూపుతో పని లేదు.

ఉన్నట్టుండి పిట్టల అరుపులన్నీ ఆగిపోయాయి. తలెత్తాను.

ఏటి అవతలి ఒడ్డున ఎత్తైన చెట్టు. దాని ఎండుకొమ్మ మీద డేగ. ఇటుక రంగు రొమ్ము, దాని మీద సన్నటి నల్ల చారలు, లావుపాటి పసుపు కాళ్లు. తోకలో ఒక ఈక విరిగి వేలాడుతోంది. కాళ్ల కింద రంగురంగుల చిలుకను అదిమిపట్టి ఈకలు పీకుతోంది. ఒక్కొక్క ఈకా తిరుగుతూ నీళ్లలో పడటం చూశాను.

చేతిలోకి చూసుకున్నాను. బీన్స్ కాయ మసగ్గానే ఉంది. మళ్లీ తలెత్తాను. డేగ కంటి చుట్టూ ఉన్న రంగు కూడా తెలుస్తోంది. కాసేపటికి, ఎవరో తెర దించినట్టు, చెట్టూ డేగా ఆకాశమూ కలిసిపోయాయి. నిద్రపోలేదు, జ్వరం లేదు. అది ఎలా జరిగిందో ఈరోజుకీ చెప్పలేను.

సాయంత్రం ఈ మాట చెప్పినందుకే పైన రాసిన గొడవ. మధ్యలో మేఘన దూరింది.

“నాయనమ్మా, టెయిల్ ఫోర్క్ ఉందా?”

“చీలిక లేదే. చివర కత్తెరతో తిన్నగా కోసినట్టుంది.”

“లెగ్స్?”

“చెప్పాగా, పసుపు. మీ నాన్న మొండితనమంత లావు.”

“బ్రోకెన్ ఫెదర్ ఏ సైడ్?”

“మనం చూస్తుంటే ఎడమ పక్క.”

“నువ్వు పక్షుల పుస్తకంలో చదివి వినిపించినవే చెబుతోంది,” అన్నాడు సుధీర్.

“విరిగిన ఈక బుక్‌లో లేదు, డాడ్.”

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. వాడు అన్నదే నిజమైతే బుడ్డోడు నా ఒళ్లోంచి పోతాడు. ఆ పసివాడు నా భుజం మీద తప్ప పగలు నిద్రపోడు.

మర్నాడు తెల్లవారగానే మేఘన వరండాలో ఆ చెట్టు వైపు టెలిస్కోప్ నిలబెట్టింది. చాలాసేపు కదలకుండా చూసింది. తర్వాత చెయ్యి వెనక్కి చాపి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

సుధీర్ వంగి చూశాడు. లేచి, “విరిగిన ఈక ఎడమ పక్కనేనమ్మా” అన్నాడు. “నాదే తప్పు. బుడ్డోడు నీ దగ్గరే ఉంటాడు. రా, నువ్వూ చూడు.”

కన్ను ఆనించాను. రెండో కన్నూ మార్చి చూశాను. పాలు కలిపిన నీళ్లు తప్ప ఏమీ లేదు. ఇద్దరూ నా నోటి వంకే చూస్తున్నారు. అవునని ఒక్క మాటంటే చాలు.

“కనబడలేదురా,” అన్నాను.

లోపల బుడ్డోడు లేచి ఏడుస్తున్నాడు. కోడలు ఎత్తుకొచ్చి నాకు అందించబోయింది. నేను తడుముకుని కుర్చీలో కూర్చున్నాక అందుకున్నాను.

“ఇండియా దాకా ఎందుకు, కళ్ల ఆపరేషన్ ఇక్కడే చేయించు,” అన్నాను సుధీర్‌తో. “అప్పటిదాకా వీణ్ని చైల్డ్‌కేర్‌లో వెయ్యి.”